గట్టు అడగడానికి విశాఖ వెళ్ళిన రోజు

భీమిలి నుంచి బీచ్ రోడ్డు మీదుగా విశాఖ వెళ్ళే బస్సు పొద్దున్న ఏడుంబావుకి బయల్దేరుతుంది. వెళ్ళేటప్పుడు ఎడమవైపు కూర్చోండి, దారంతా సముద్రం కనిపిస్తుంది. వచ్చేటప్పుడు కుడివైపు. నేను మాత్రం సముద్రాన్ని చూడడానికి వెళ్ళలేదు, దాని మీద ఫిర్యాదు చేయడానికి వెళ్ళాను.

మాది భీమిలి దాటాక ఒడ్డున ఉన్న చిన్న ఊరు. ఇంటి ముందు నాకు సరుగుడు తోట ఉంది. ఉంది అనడం కంటే మిగిలింది అనాలి. రెండు వానాకాలాల్లో నాలుగు వరసలు సముద్రంలోకి పోయాయి. ఐదో వరస వేళ్ళు గాల్లో వేలాడుతున్నాయి, దాని వెనకే ఇల్లు. మాకు దక్షిణాన ఉన్న పక్కూళ్ళో ఒడ్డు నుంచి నీళ్ళలోకి రాళ్ల గట్టు వేశారు. అప్పట్నుంచీ వాళ్ళ ఒడ్డున ఇసక మేట వేసింది, సాయంత్రాలు క్రికెట్ ఆడుకుంటున్నారు. ఆ కేకలు మా అరుగు దాకా వినిపిస్తే నా కడుపు మండిపోయేది. ఊళ్ళో అందరి చేతా సంతకాలు పెట్టించి, మాకూ అలాంటి గట్టే కావాలని కలెక్టరు ఆఫీసుకి అర్జీ రాశాను.

బస్సులో నా పక్కనాయన అత్తారింటి నుంచి దువ్వాడ తిరిగి వెళ్తున్నాడు. "ఏటి పని మీద ఎల్తన్నావు బావా?" అన్నాడు. చెప్పాను. "సముద్రం పక్కన తోట, ఇల్లు! అదురుష్టం బావా నీది. నాను రెండు గదుల్లో ఉడికి సస్తన్నాను." నన్ను చూసి కుళ్ళుకునేవాడు కూడా ఉన్నందుకు కాస్త హాయిగా అనిపించింది. ఆ హాయి ఆర్కే బీచ్ దాకానే.

ఎనిమిదిన్నరకి దిగాను. ఆఫీసు తెరవడానికి టైముంది కదా అని ఇడ్లీ తిని ఒడ్డుకి నడిచాను. దూరంగా ఒక ఓడ ఆగి ఉంది. దాని నుంచి వచ్చిన లావుపాటి గొట్టం నల్లటి నీళ్ళతో కలిపి ఇసకని ఒడ్డు మీద కక్కుతోంది. రెండు పొక్లెయిన్లు దాన్ని చదును చేస్తున్నాయి. వాకింగ్ బూట్లవాళ్ళు సెల్ఫీలు దిగుతున్నారు. వీళ్ళు కూర్చుని బఠాణీలు తినడానికి ఇసక పోస్తున్నారు, నా ఇల్లు నిలబడడానికి మాత్రం లేదు! కళ్ళల్లో నిప్పులు పోసుకుని అలాగే నిలబడ్డాను.

పక్కన నిలబడి చూస్తున్న ఒక పెద్దాయన నా మొహం చదివినట్టున్నాడు, పలకరించాడు. కృష్ణా జిల్లా నుంచి వచ్చి, ఇసక తోడే ఓడ మీదే పనిచేసి రిటైరయ్యాడట. ఇల్లు సీతమ్మధారలో. నేను మా తోట సంగతీ, పక్కూరి గట్టు సంగతీ చెప్పాను.

"ఈ ఇసక ఎవరి సొమ్మూ కాదండీ. దక్షిణం నుంచి ఉత్తరానికి నడుస్తూ ఉంటుంది. పోర్టు గోడ దగ్గర ఆగిపోయినదాన్ని తోడి, గోడ దాటించి ఇటు పోస్తారు. ఇక్కడా ఉండదు. అలలు మెల్లగా మీవైపే తీసుకెళ్తాయి."

"మా దాకా రాలేదు మరి."

"మీ ముందు ఊళ్ళో గట్టుందన్నారుగా, మీ వాటా అక్కడ ఆగింది. మీరూ గట్టు కట్టుకుంటే, మీ తర్వాతి ఊరి వాటా మీ దగ్గర ఆగుతుంది. ఎవరుంటారక్కడ?"

"మా అక్క," అన్నాను.

"అయితే రెండూళ్ళూ కలిసి అడగండి. గట్టు వేస్తే దానికి అవతల ఇసక కూడా పోయాలని రాయండి."

తల ఊపాను. ఆఫీసుకి నడుస్తుంటే వేరే ఆలోచనలు వచ్చాయి. కలిపి రాస్తే మళ్ళీ సంతకాలు, మళ్ళీ ఆలస్యం. పైగా అక్కవాళ్ళ ఒడ్డున పడవలన్నీ లాగిపెట్టినా ఇంకా చోటుంటుంది. నిజం చెప్పాలంటే ఆ ఇసక మీద కూడా నాకు ఎప్పట్నుంచో ఏడుపే. పదకొండుంబావుకి అర్జీ రాసింది రాసినట్టే ఇచ్చి, కాపీ మీద స్టాంపు వేయించుకున్నాను.

ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర చేపల పులుసుతో భోజనం బాగుంటుంది. ఆ రోజు నాకు రుచి తెలియలేదు. రెండున్నర బస్సెక్కి కుడివైపు కూర్చున్నాను. రుషికొండ దగ్గర అక్క ఫోన్ చేసింది.

"ఇచ్చీసినావేటి తమ్ముడా?"

"ఇచ్చీసేను."

"మంచి పని సేసినావు. మా ఊళ్ళో అందరికీ సెప్పేసినాను, మా తమ్ముడు రెండూళ్ళకీ కలిపి అడుగుతాడని. మా ఊరి పేరు పైన రాసినావా, కిందా?"

"కింద," అన్నాను.

"ఎక్కడైతే ఏటిలే, రాసినావు కదా," అని నవ్వి పెట్టేసింది.

టైం మూడుంబావు. ఆఫీసు ఐదు దాకా ఉంటుంది. బస్సు ఆపించుకుని దిగి, రోడ్డు దాటి, విశాఖ వెళ్ళే బస్సెక్కాను. సీటు దొరకలేదు. నిలబడే కాపీ తీసి చూశాను. మా ఊరి పేరు కింద, సంతకాలకి పైన, ఒక్క వరస రాసేంత చోటుంది.

ఆర్కే బీచ్ దగ్గర గొట్టం ఇంకా ఇసక పోస్తూనే ఉంది. కుళ్ళు పోయిందా అంటే పోలేదు, మళ్ళీ కళ్ళు కుట్టాయి. మీరు ఈ దారిన వెళ్తే ఇందాక చెప్పినట్టే కూర్చోండి. నాకు మాత్రం ఆ రోజు ఇంటికని బయల్దేరాక కూడా సముద్రం మళ్ళీ ఎడమవైపే కనిపించింది.