మేకుకు వేలాడిన పంపు

"నువ్వు చస్తే నా పడవలు ఎవులు గీకుతారే?"

పడవల మరమ్మతు కాంట్రాక్టరు మణికుమార్ గురమ్మను అడిగిన మాట ఇది. అప్పుడామె అండమాన్‌లోని హోప్ టౌన్ ఒడ్డుకు లాగిన ఇనప పడవ కింద, రాలుతున్న తుప్పు దుమ్ములో చతికిలబడి, ఊపిరి కోసం నోరు తెరుచుకుని ఉంది. అతను షెడ్డులో మేకుకు వేలాడుతున్న నీలం ఇన్‌హేలర్ పంపు తెచ్చి ఆమె నోట్లో పెట్టాడు. ఆయాసపడే ఆడకూలీలందరికీ ఆ ఒక్క పంపే. దాన్ని చూపించి, కూలీలను కడుపులో పెట్టుకుని చూసుకుంటున్నానని వచ్చినవాళ్లకల్లా చెప్పేవాడు. విన్నవాళ్లు చేతులు జోడించేవారు. దేవుడిలాంటి మనిషట!

ఆ వారమే గురమ్మ బాంబూఫ్లాట్‌లో ఫెర్రీ ఎక్కి పోర్ట్ బ్లెయిర్ వెళ్లింది.

"నీలం పంపు వారానికి ఎన్నిసార్లు?" అని అడిగింది డాక్టరు శారదాదేవి.

"వారానికేటి దీదీ, పూటపూటకీ."

డాక్టరుకు ఒళ్లు మండింది, గురమ్మ మీద కాదు.

"అది బిగుసుకున్న ఊపిరి గొట్టాల్ని కాసేపు వదులు చేస్తుందంతే. లోపలి వాపు అలాగే ఉంటుంది. ఈ కొత్త పంపులో వాపు తగ్గించే మందు కూడా ఉంది. బాగున్నా సరే, రెండు పూటలా పీల్చి నోరు పుక్కిలించు. మధ్యలో ఆయాసం వచ్చినా ఇదే. అప్పటికీ తగ్గకపోతే వెంటనే ఆస్పత్రికి రా. మందు చాలకపోతే ఒక మెట్టు పెంచుతా. మూడు నెలలు నిమ్మళంగా ఉంటే నేనే ఒక మెట్టు దించుతా. నీ అంతట నువ్వు మానకు. ఆ దుమ్ము మాత్రం ఇక మింగకు."

నెల తిరిగేసరికి గురమ్మకు కంటి నిండా నిద్ర పట్టింది. కోపమూ వచ్చింది. ఊపిరాడని మనిషికి కోపం తెచ్చుకునే తీరికెక్కడిది?

"తడిపి గీకుతాం. మాస్కులియ్యి. నేదంటే నీ పడవ నువ్వే గీక్కో," అంది మణికుమార్‌తో.

"అరే, పంపు ధర్మానికి పెట్టినోణ్ణి నేను! మర్సిపోనావా?"

"ధర్మమా భయ్యా? దవాయి పేరు సెప్పి నెలనెలా కూలిలో మనిషికి వంద కోసేవు. తొమ్మండుగురం ఉన్నాం. పంపేమో ఒకటి!"

పక్కనున్న ఎరుకమ్మ సుత్తి కింద పడేసింది. మిగతావాళ్లూ పడేశారు. సోమవారానికి పడవ నీళ్లలో ఉండాలి. మర్నాడు నీళ్ల పైపు వచ్చింది, మాస్కులూ వచ్చాయి. మేకుకు పంపు లేదు. ఎవరి పంపు వాళ్లు ఆస్పత్రి నుంచి తెచ్చుకున్నారు.

గురమ్మ ఇప్పుడూ అక్కడే పని చేస్తోంది. కోసిన డబ్బు మాత్రం మణికుమార్ ఇవ్వలేదు. రెండేళ్లు కోసినదానికి ఆమెకు రావలసింది రెండు వేల నాలుగు వందలు.