భ్రమరాంబ గారు గోడవైపు తిరిగేవారు

ఈ మధ్యాహ్నం కువైట్‌లో నేనుండే మహబూలాలో మళ్ళీ దుమ్ము లేచింది. సముద్రం ఉన్నవైపు కూడా ఏమీ కనబడకుండా కిటికీ అంతా పసుపుపచ్చగా అయిపోయింది. ఇక్కడ ఇన్నేళ్ళున్నవాడెవడైనా చేసే పనే నేనూ చేశాను. పాత తువ్వాలు తడిపి కిటికీ సందుల్లో కుక్కాను. కాసేపటికి తడి నూలుగుడ్డకి దుమ్ము పట్టి ఒక వాసన మొదలైంది. ఆ వాసన ముక్కుకి తగిలితే చాలు, నాకు భ్రమరాంబ గారు గుర్తొస్తారు. అలా గుర్తొచ్చినప్పుడు కళ్ళు చెమర్చడం లాంటిదేమీ ఉండదు. వెన్ను నిటారుగా అవుతుంది. ఎవరో నా చేతిలోది లాక్కోబోతున్నట్టూ, నేను ఇవ్వనని తేల్చుకున్నట్టూ ఉంటుంది.

ఆవిడది అమలాపురం పక్క. కువైట్ సిటీలో కంప్యూటర్లు అమ్మే ఒక కంపెనీలో వెబ్‌సైట్లు తయారుచేసే సెక్షన్‌కి ఇన్‌చార్జి. సెక్షనంటే ఒకే గది, మూడు బల్లలు, సరిగ్గా మూసుకోని ఒక కిటికీ. దుమ్ము వచ్చిన రోజున బండారులంక చీరల పాత ముక్కలు తడిపి ఆ కిటికీకి కట్టేవారు. ‘నన్ను ఇరవైయేళ్ళు కాపాడాయి, ఇక మిషన్లని కాపాడనీ’ అనేవారు. నేను రాయచోటి నుంచి వచ్చి ఆ గదిలో టైపింగుకి చేరినవాణ్ణి. ఆవిడ నన్ను మొదటిరోజే ఎగాదిగా చూసి, మెషీన్లంటే భయమా అని అడిగారు. లేదన్నాను. మేనేజరంటే భయమా అని అడిగారు. దానికి నేను తల దించుకున్నాను. ముందు ఆ రెండోది వదిలించుకోమన్నారు. ఆవిడ మటుకు మేనేజరు మా గదిలోకి వస్తే కుర్చీలోంచి లేచేవారు కాదు. మోకాళ్ళ నొప్పులని చెప్పుకునేవారు గానీ, టీ కుర్రాడు ట్రే మోసుకుని వస్తే మాత్రం లేచి తలుపు పట్టుకునేవారు.

దుకాణాలవాళ్ళు వెబ్‌సైటు కోసం వస్తే అందరూ రంగుల గురించి, ఫొటోల గురించి మాట్లాడేవాళ్ళు. ఆవిడ అవేవీ పట్టించుకోకుండా మొదట అడిగేది ఒకటే, పేరు ఎవరి మీద కొంటున్నారని. వెబ్‌సైటుకి పేరు విడిగా కొనాలని, అది ఏటేటా రెన్యూ చేయించుకోవాలని, ఆ కొన్నచోట యజమాని అన్న గడిలో ఎవరి పేరుంటే సైటు వాళ్ళదేనని ఓపిగ్గా చెప్పేవారు. తరవాత కీబోర్డు వాళ్ళ ముందుకు జరిపి, పాస్‌వర్డు పెట్టుకోమని చెప్పి, తాను కుర్చీ తిప్పుకుని గోడవైపు చూస్తూ కూర్చునేవారు. అయిందని వాళ్ళు చెప్పేదాకా ఇటు తిరిగేవారు కాదు. మీ దగ్గరే ఉంచండి మేడమ్ అన్నవాడికి మాత్రం మూడేది. ఇంటి తాళంచెవి మేస్త్రీకిచ్చి ఊరెళ్ళిపోతారా అని నిలదీసేవారు. ఆ గోడమీద చూడదగ్గదేమీ లేదు, ఏసీ నీరు కారిన మరక తప్ప. జీతానికి పనిచేసేవాళ్ళలో, ఆవిడ ఆ మరకని చూసినంతసేపు ఇంకెవరూ దేన్నీ చూసివుండరు.

నాకు సొంతంగా వెబ్‌సైటు పెట్టాల్సిన అవసరం ఓబులేసు వల్ల వచ్చింది. ఓబులేసు మా ఊరిపక్కవాడు, సల్వాలో ఒక కువైటీ ఇంట్లో డ్రైవరు. వాట్సాప్ లేని రోజులవి. మా వైపు నుంచి ఇళ్ళల్లో పనికి వచ్చిన ఆడవాళ్ళలో కొందరికి చేతిలో ఫోనుండేది కాదు. నెలల తరబడి కబురు అందక అక్కడ తల్లులు, మొగుళ్ళు తల్లడిల్లేవాళ్ళు. ఓబులేసుకి సల్వాలో ప్రతి సందూ తెలుసు. మనిషి పేరు, ఏరియా తెలిస్తే డ్రైవర్లు ఆ ఇంటి డ్రైవరుని అడిగి, క్షేమంగా ఉందో లేదో తెలుసుకోగలరు. కావాల్సిందల్లా రాయచోటి ఇంటర్నెట్ సెంటర్లో కూర్చున్నవాళ్ళు అడగడానికి, ఇక్కడున్నవాళ్ళు జవాబు రాయడానికి ఒక చోటు. దానికి ‘మావాళ్ళెక్కడ’ అని పేరు పెట్టుకున్నాం.

సైటు పెట్టడానికి ఎప్పుడూ నడిచే కంప్యూటరు ఒకటి ఉండాలి కదా, దాన్నే సర్వరంటారు. అది ఊరికే ఇస్తానని ఒక తెలుగు సంఘం అధ్యక్షుడు ముందుకొచ్చాడు. పెద్ద కాంట్రాక్టరు. సంఘంలో శాలువాలన్నీ ఆయనకే కప్పేవాళ్ళు. మా డ్రైవర్లంతా కూడబలుక్కుని, యజమాని గడిలో ఆయన పేరే రాయిద్దామన్నారు. నాకూ అది సబబుగానే తోచింది. ఇక్కడ ఉండనిచ్చే ఇఖామా నుంచి ప్రతి కాగితం మీదా మావాళ్ళు చేసేది అదే మరి, పనికి తెప్పించుకున్న కఫీల్ పేరు రాయించడం. ఆ మాట భ్రమరాంబ గారికి చెప్పాను.

“పెద్దాయన పేరుంటే మనకొక అండ ఉంటాదంటాండారు మేడమ్, మావోళ్ళు.”

ఆవిడ కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టారు. “చూడు రమణా. నీ ఇఖామా కఫీల్ చేతిలో ఉంది. ఓబులేసు తోలే కారు కఫీల్‌ది. మీ రూము ఎవడిదో, ఫోను సిమ్ము ఎవడిదో. ఈ దేశంలో అడుగుపెట్టినప్పట్నుంచి ఏదైనా సరే ఇంకొకళ్ళ పేరు మీద పెట్టడం మనకి అలవాటైపోయిందయ్యా. దీనికి ఏ కఫీలూ అక్కర్లేదు. ఇదొక్కటీ నీ పేరు మీద ఉంటే నీ ముల్లె ఏం పోయింది?”

తిట్లొస్తే నాకే వస్తాయి కదా అన్నాను. వస్తాయి, పేరు నీదైతే తిట్లూ నీవే అని కళ్ళజోడు పెట్టుకున్నారు. నేను యజమాని గడిలో మా నాన్న పేరుతో సహా నా పూర్తి పేరు కొట్టాను. కువైట్‌లో అంతవరకూ యజమాని అన్న మాట పక్కన నా పేరు ఎక్కడా లేదు. పాస్‌వర్డు కొట్టబోతుంటే ఆవిడ కుర్చీ గోడవైపు తిరిగింది. మీరు చూసినా పర్లేదు మేడమ్ అన్నాను. నాకు పర్లేదు గానీ నీకు పరవా ఉండాలి అని గోడకే చెప్పారు.

ఆ వారంలోనే నన్ను కూర్చోబెట్టి, పేరు కొడితే సైటు ఎలా వస్తుందో చెప్పారు. మహబూలాకి కొత్తగా వచ్చినవాడు మీ రూముకి ఎలా వస్తాడని అడిగారు. మలుపులో ఉన్న బకాలావాణ్ణి అడుగుతాడన్నాను. బకాలా అంటే మా చిల్లర కొట్టు. రమణ ఎక్కడుంటాడంటే కొట్టువాడు ఫలానా బిల్డింగని చెప్తాడు. నువ్వు రూము మారితే? కొట్టువాడికి ఎవరైనా చెప్పేదాకా వచ్చినవాళ్ళని పాత బిల్డింగుకే పంపుతుంటాడు. “అంతేనయ్యా. నీ పేరు వేరు, నువ్వుండే ఇల్లు వేరు. నీ పేరుకి ఏ ఇల్లో రాసుకుని, అడిగినవాడికి చెప్పేవాళ్ళు మధ్యలో ఉంటారు. ఏ ఇల్లని వాళ్ళకి చెప్పే హక్కు మాత్రం పేరుగలవాడిది. ఇల్లిచ్చినవాడిది కాదు.” ఇంటర్నెట్ గురించి తరవాత నేను చాలా చదివాను గానీ, ఇంతకంటే ఎక్కువ అర్థమైంది మాత్రం లేదు.

సైటు పేరుతో చిన్న కార్డులు అచ్చువేయించాం. డ్రైవర్లు వాటిని జమియా అనే సహకార బజారు దగ్గర సరుకులకొచ్చిన ఆడవాళ్ళ చేతిలో పెట్టేవాళ్ళు. వాళ్ళు పర్సు అడుగునా, దిండు గలేబులోనా దాచుకునేవాళ్ళు. కార్డుమీద ఉన్నది ఆ పేరొక్కటే. అది తెరుచుకోకపోతే ఆ కార్డుకి విలువ లేదు. రాయచోటి నుంచి ఒక తల్లి తన కూతురు లక్ష్మీదేవి గురించి రాయించింది. సల్వాలో ఉందట, పండగ ముందు చేసిన ఫోనే ఆఖరట. ఓబులేసు ఆ ఇల్లు కనుక్కున్నాడు గానీ అమ్మాయిని చూడనివ్వలేదని సైటులో రాశాడు. ఆ ఇల్లుగలవాళ్ళ బంధువు అధ్యక్షుడికి పనులిచ్చే మనిషి. అధ్యక్షుడు నాకు ఫోను చేసి, ఆ ఒక్క ముక్క తీసెయ్యమన్నాడు. తీస్తే ఆ తల్లికి ఏమని రాయాలన్నాను. మర్నాడు ఆయన సర్వర్ ఆపేశాడు. మావాళ్ళెక్కడ అని ఎక్కడ కొట్టినా తెల్లటి పేజీ తప్ప ఏమీ రాలేదు. ఓబులేసు ఆఫీసు కిందకొచ్చి, కారు ఆపి, స్టీరింగు మీద తలపెట్టుకుని, “ఖలాస్ రమణా, అయిపాయ” అన్నాడు.

భ్రమరాంబ గారికి కోపం వస్తే గొంతు తగ్గేది. ఆరోజు దాదాపు గుసగుసగా మాట్లాడారు. పోయింది ఇల్లే, పేరు కాదన్నారు. ప్రతి గురువారం సైటంతటికీ నకలు తీయించి దాచమని ఆవిడ పోరింది ఇందుకేనని అప్పుడు తెలిసింది. వేరే దేశంలో ఒక సర్వర్ అద్దెకి తీసుకుని నకలు అందులోకి ఎక్కించాం. పేరు కొన్నచోటికి వెళ్ళి, ఇకనుంచి మా ఇల్లిదీ అని మార్చాలి. నేను పాస్‌వర్డు కొడుతుంటే ఆవిడ గోడవైపు తిరిగారు. అంత తొందరలోనూ తిరిగారు.

మార్చిన వెంటనే ఏమీ కాలేదు. బకాలావాడికి కబురు అందాలి కదా. మా ఆఫీసులో అదే తెల్ల పేజీ. సంఘం ఆఫీసులోనూ అదేనని, అధ్యక్షుడు నవ్వుతున్నాడని తెలిసింది. మర్నాడు ఉదయం రాయచోటి నుంచి ఓబులేసు బామ్మర్ది ఫోను చేశాడు. సెంటర్లో సైటు వచ్చిందట, లక్ష్మీదేవి పేరు అట్లనే ఉందట. కువైట్‌లో ఇంకా రాలేదు. మేమున్న ఊళ్ళో చచ్చిపోయి, మా ఊళ్ళో బతికింది. భ్రమరాంబ గారు అంత గట్టిగా నవ్వగా నేను ఎప్పుడూ వినలేదు. అధ్యక్షుణ్ణి ఇంకో పూట సంతోషంగా ఉండనియ్యమన్నారు. సాయంత్రానికి ఇక్కడా తెరుచుకుంది.

దాంతో అధ్యక్షుడికి పేరే కావాల్సొచ్చింది. ఆయన మా కంపెనీకి పెద్ద ఖాతాదారు. ఒక మధ్యాహ్నం మేనేజరు మమ్మల్నిద్దర్నీ తన గదికి పిలిచాడు. అధ్యక్షుడు అప్పటికే సోఫాలో కూర్చుని ఉన్నాడు. మేనేజరు నా వైపు చూడనైనా చూడలేదు. ఇన్‌చార్జి మీరు కాబట్టి పాస్‌వర్డు మీరే ఇచ్చేయండని ఆవిడకి చెప్పాడు.

“నాకు తెలీదండి. అతను కొడుతుంటే నేను గోడవైపు తిరిగాను.”

మేనేజరు నమ్మలేదు. అన్ని సైట్లూ చేసేది మీరే, తెలియకపోవడమేంటన్నాడు. అన్ని సైట్లకీ అలాగే తిరిగానండి, మీ కంపెనీదానికి కూడా అన్నారు. అప్పుడు వాళ్ళిద్దరూ నా వైపు చూశారు. అధ్యక్షుడు మెత్తగా, “ఇచ్చేయ్ బాబూ. నీ ఇఖామా రెన్యువల్ దగ్గరపడిందని మేనేజరు గారు చెబుతున్నారు. నీకెందుకొచ్చిన తలనొప్పి?” అన్నాడు.

నేను ఆవిడ వంక చూశాను. నాకు ఒక మాట సాయం కావాలి. అడ్డుపడితే ఆవిడే అడ్డుపడాలి. ఆవిడ కిటికీ వైపు, బయటి ఎండ వైపు చూస్తూ కూర్చున్నారు. ఆ క్షణంలో ఆవిడంటే నాకు ఒళ్ళుమండింది. తరవాత అర్థమైంది, పాస్‌వర్డు కొట్టేటప్పుడు నాకిచ్చిన మర్యాదే అప్పుడూ ఇస్తున్నారని. దిండు గలేబుల్లో ఉన్న కార్డులన్నీ కళ్ళముందు తిరిగాయి.

“ఇయ్యను సార్,” అన్నాను. “అది నా పేరుమీద ఉండాది.”

నన్నేమీ చేయలేదు. టైపింగువాణ్ణి తీసేస్తే అధ్యక్షుడికి దక్కేదేముందని మేనేజరు లెక్కవేసుకున్నాడేమో. కోపం ఆవిడ మీద చూపించారు. ఆ సెక్షనే అక్కర్లేదని మూసేశారు, ఆవిడ ఇఖామా రెన్యూ చేయలేదు. నావల్లే ఇదంతా అని నేను బాధపడితే, నీకు అంత సీను లేదులే అని చీరముక్కలు మడతపెట్టుకున్నారు. అవి నాకివ్వమని అడిగాను. తువ్వాలు కొనుక్కో అన్నారు. ఆవిడ వెళ్ళేలోపే లక్ష్మీదేవి వాళ్ళమ్మకి ఫోను చేసింది. ఇంటి ముందు రోజూ డ్రైవర్లు మారి మారి ఆగుతుంటే ఆ ఇంటి మామాకే, అంటే యజమానురాలికే, విసుగుపుట్టి ఫోను చేతికిచ్చిందట. ఎయిర్‌పోర్టులో నేను కళ్ళు తుడుచుకుంటుంటే భ్రమరాంబ గారు అడిగింది ఒకటే, సైటు పేరు రెన్యువల్ ఏ నెలలో అని. చెప్పాను. మర్చిపోయావో చంపేస్తాను అన్నారు.

ఆవిడ కన్నుమూసి కొన్నేళ్ళయింది. ఇప్పుడు అందరి చేతుల్లోనూ ఫోన్లున్నాయి, గ్రూపులున్నాయి. ఆ సైటు ఇంకా ఎందుకని స్నేహితులు అడుగుతారు. పోయిన చలికాలం ఎడారిలో వఫ్రా తోటల అవతల గొర్రెలు కాసే మావాడొకడికి, ఊరెళ్ళిపోయిన తోటికాపరి వదిలేసిన మూటలో మా పాత కార్డు దొరికింది. నీళ్ళ ట్యాంకరు డ్రైవరుకి ఆ కార్డిచ్చి అతని ఫోనులో పేరు కొట్టించాడు. తెరుచుకుంది. నేను చూసేసరికి సైటులో ‘ఫోను లేదు, బాగున్నానని మా అమ్మకు చెప్పండి’ అని ఉంది. ఓబులేసు ఆ శుక్రవారమే బండి తీశాడు.

ఈరోజు దుమ్ములో బయటకి పోలేక ఓబులేసు నా రూములోనే పడుకుని ఉన్నాడు. రెన్యువల్ చేద్దామని కంప్యూటరు ముందు కూర్చుంటే ఎవరో దళారీ నుంచి ఉత్తరం వచ్చివుంది. మావాళ్ళెక్కడ అనే పేరు కొంటామని, ధర మమ్మల్నే చెప్పమని మంచి ఇంగ్లీషులో రాశారు. నేను పాస్‌వర్డు కొట్టబోయి ఓబులేసు వైపు చూశాను. అడక్కుండానే మంచమ్మీద గోడవైపు తిరిగాడు. రెన్యూ చేశాను. యజమాని గడిలో మా నాన్న పేరుతో సహా నా పేరు ఉంది. తరవాత ఆ ఇంగ్లీషు ఉత్తరానికి తెలుగులో ఒక్క మాట జవాబు రాసి పంపాను.

ఇయ్యను.