కారులో వినాల్సిన భారతం

1958లో ఏలూరు పవరుపేటలో నాకు రేడియో రిపేరు షాపు ఉండేది. అప్పట్లో టేప్‌రికార్డర్ అంటే, రెండు చక్రాల మధ్య సన్నటి రిబ్బను తిరిగే బరువైన పెట్టె.

ఆ వేసవిలో తాడేపల్లిగూడెం నుంచి రైసుమిల్లు సూర్యారావు గారు ఒక టేపు చుట్ట తెచ్చారు. వాళ్ల నాన్నగారికి పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. అంతకుముందు ఆయన అరుగు మీద భారతం చెబుతుంటే బంధువొకాయన రికార్డు చేశాడట. తన గొంతు తాను వింటే మాట కదలొచ్చని డాక్టరు అన్నారు.

"ఇంట్లో పెడితే జనం మూగుతున్నారండీ. నాన్నగారు సిగ్గుపడి గోడవైపు తిరిగిపోతున్నారు. వారం వారం ఏలూరు ఆస్పత్రికి కారులో తెస్తున్నాం కదా, దారిలో అయితే నేనూ ఆయనే ఉంటాం" అన్నారు సూర్యారావు గారు.

కారు బ్యాటరీ మీద రికార్డరు నడిపే కన్వర్టర్ బిగించడం పెద్ద పని కాదు. టేపు వింటేనే తల తిరిగింది. వాన, జనం గోల, వీధిలో లారీ. కారులో పెడితే ఆ పైన ఇంజను మోత. షాపులో కూర్చుంటే లాభం లేదని వెనక సీట్లో కూర్చుని భీమడోలు దాకా విన్నాను.

"కారు ఆపితే బానే వినబడుతోందండీ" అన్నారు సూర్యారావు గారు. నాకు ఒళ్లు మండింది.

"ఆపి వినేదానికి నేనెందుకండీ" అన్నాను.

మోతలన్నీ లావు శబ్దాలు. అక్షరాలు విడివిడిగా తెలిసేది సన్నటి శబ్దాల వల్ల. ఇంకో రికార్డరు అరువు తెచ్చి, మధ్యలో లావు శబ్దాన్ని ఆపే ఫిల్టర్ పెట్టి, కొత్త టేపుకి ఎక్కించాను. ఇంజను నడుస్తున్నా మాట మాటా తెలిసింది.

సూర్యారావు గారు సంతోషించలేదు. "అమ్మ ఊఁ ఏదండీ?" అన్నారు.

కథ చెప్పేవారికి ఊఁ కొట్టే మనిషి ఉండాలి కదా. వాళ్లమ్మగారు గుమ్మంలో కూర్చుని ఊఁ కొట్టేవారట. ఆవిడ పోయి ఏడాదైంది. ఆవిడ గొంతు ఇంకెక్కడా లేదు. పెదవులు కదపని ఆ ఊఁ కూడా లావు శబ్దమే, లారీతో పాటు పోయింది.

"అసలు టేపులో అమ్మగారు భద్రంగా ఉన్నారండీ. ఈ ఇంజను మోతలో మాత్రం ఇద్దరినీ నిలపలేను. ఎవరు కావాలో మీరే చెప్పండి" అన్నాను.

ఆయన అసలు టేపు చుట్ట చేతిలోకి తీసుకున్నారు. "నాన్నగారి మాటేనండీ" అన్నారు చివరికి.

మరుసటి వారం కారు మా షాపు ముందు ఆగింది. సూర్యారావు గారు దిగి నా చెయ్యి పట్టుకున్నారు.

"గుండుగొలను దగ్గరండీ. టేపులో నాన్నగారు కథ ఆపారు, అమ్మ ఊఁ కొట్టే చోట. టేపులో ఏమీ లేదు, కారు మోతే. వెనక సీట్లోంచి నాన్నగారు 'ఊఁ' అన్నారండీ. తర్వాత ఆగిన ప్రతిచోటా అంటూనే వచ్చారు."

ఆయన ఏడుస్తున్నారు. నేనూ ఏడ్చాను.

పెద్దాయనకి ఆ తర్వాత కూడా మాటలు రాలేదు. అన్నం పెట్టమంటారా అంటే మాత్రం ఊఁ అనేవారట. అప్పటినుంచి ఏ టేపు శుభ్రం చేసినా, మాటల మధ్య ఖాళీలు మాత్రం నేను కత్తిరించలేదు. వినేవాళ్లకి అక్కడ పని ఉంటుంది.