పెద్దాయన పోయినారని నేను పెట్టిన లింకు

నా బ్లాగుకు దినామూ ముగ్గురు వచ్చేవాళ్లు. ఒకరు, ఆఫీసు కంప్యూటర్లో నేను. రెండోవారు, బజారులో నెట్ సెంటర్లో నేను. మూడోవాడు ఎవడో దారి తప్పినోడు. తొమ్మిదో తరగతిలో బడి మానేసినోణ్ణి, ముగ్గురంటే నాకు తక్కువేం కాదు. లెక్కల పరీక్షలో వచ్చిన మార్కులకన్నా ఒకటి ఎక్కువే.

అప్పట్లో నేను ఎర్రగుంట్లలో సిమెంటు లారీలు తిప్పే ఒక పెద్దాయన దగ్గర గుమాస్తాను. ఏ లారీ యాడికి పోయిందో కంప్యూటర్లో ఎక్కించేది నా పని, మిగిలిన పొద్దంతా బ్లాగు. శానా రోజులుగా బ్లాగు రాస్తున్న ఒకాయన నా మీద జాలిపడి కిటుకు చెప్పినాడు. ఇతరుల సైట్లకు లింకులు పెట్టు, వాళ్లూ నీకు పెడతారు, బొట్టు పెట్టి పిలిచినోళ్లనే గదా ఎవరైనా తిరిగి పిలిచేది అన్నాడు.

పెద్దాయన అల్లుడు బెంగళూరులో ఉండి ఇంటివాళ్ల ఫోటోలకు ఒక సైటు నడిపేవాడు. ఆ వారం పెద్దాయన కుటుంబమంతా అహోబిలం బయలుదేరిన ఫోటోలు పెట్టినాడు. నేను వాటికి లింకు ఇచ్చి, పైన "ఎర్రగుంట్ల లారీల పెద్దాయన పోయినారు" అని పేరు పెట్టినాను. కింద "అహోబిలానికి. ఫోటోలు ఈడ ఉండాయి" అని రాసినాను. తెలుగు బ్లాగులన్నీ ఒకచోట చూపించే సైటు ఒకటుండేది. అందులో పైపేరు ఒక్కటే కనపడుతుంది. తెలియక చేసినానని తర్వాత అందరికీ చెప్పుకున్నాను గానీ, తెలిసే చేసినాను.

మరుసటి పొద్దున చూస్తే మూడు కాస్తా మూడువందలు దాటింది. ఆ సంతోషం కామెంట్లు తెరిచేదాకానే. ఆయన ఆత్మకు శాంతి కలగాలి. అయ్యో, ఎట్ల పోయినారు. పదకొండు మంది వరసగా ఇదే మాట. అన్నిటి కింద పేరు లేనిది ఒకటి: "ఎవరప్పా నువ్వు? యాడుంటావు?"

పైపేరు మార్చేసినాను. మారింది కంప్యూటర్లోనే, జనం నోట్లో కాదు.

కాసేపటికి యార్డులోకి జీపు వచ్చింది. పత్తికొండ నుంచి పెద్దాయన బంధువులు నలుగురు. ఒకాయన ఒళ్లో తడిగుడ్డలో చుట్టిన బంతిపూల దండ. ఇంటికి తాళం చూసి ఆఫీసుకు వచ్చినారు. దండ పట్టుకున్నాయన నన్నే అడిగినాడు, "ఎత్తేది ఎన్ని గంటలకప్పా?"

ఎవరినైనా నవ్వించగలననుకునేవాణ్ణి. పెద్దాయన బాగుండాడు, గుడికి పోయినాడు అని చెప్పడానికి మూడుసార్లు మొదలుపెట్టినాను. అయితే ఫోన్ కలుపు అన్నారు. కలిపినాను. కొండల్లో సిగ్నల్ లేదు. మళ్లీ కలిపినాను. లేదు.

అసలు భయం అప్పుడు పట్టుకుంది. చెడు మాట అనొద్దురా, పైన తథాస్తు దేవతలు తిరుగుతుంటారు అని మా అమ్మ నా నోటిమీద ఎన్నిసార్లు కొట్టిందో లెక్కలేదు. ఆయనకు డెబ్బై దాటినాయి, అక్కడన్నీ మెట్లు. బతికొస్తే నన్ను బతకనీయడు. రాకపోతే చంపింది నేనే. నరసింహస్వామికి ఏమని మొక్కుకోవాలో కాసేపు నిజంగానే తేల్చుకోలేకపోయినాను. ఆ కాసేపు తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గే.

బంధువులు బయట బెంచీ మీద కూర్చొని దండ మీద నీళ్లు చల్లుతాండారు. రైల్వే స్టేషను నడిచిపోయే దూరమే. పారిపోకుండా ఫోన్ కలుపుతానే కూర్చున్నాను.

రెండు దాటినాక ఫోన్ మోగింది. ఆళ్లగడ్డ నుంచి పెద్దాయనే. నా చేతిలోంచి ఫోన్ లాక్కుని బంధువులే అంతా చెప్పేసినారు.

పొద్దు గూకక ముందే ఆయన వచ్చినాడు, నున్నటి గుండుతో. అందర్నీ బయటికి పంపి నా ఎదురుగా కూర్చున్నాడు. నేనే రాసినానని చెప్పేసినాను. తెలుసన్నాడు. తన సైటుకు జనం ఏ దారిన వచ్చినారో అల్లుడికి కనపడిందంట, ఆ దారి పట్టుకుని నా బ్లాగుకు పోతే అక్కడ మా యార్డు ఫోటోలే. పేరు పెట్టకుండా ఎవరప్పా నువ్వు అని అడిగింది కూడా అల్లుడే. లింకు పెడితే మన గుమ్మం అవతలోళ్లకు కనపడుతుందని ఆ పొద్దే నాకు తెలిసింది.

కామెంట్లన్నీ పైకి చదవమన్నాడు. పన్నెండూ చదివినాను. ఆయన కళ్లు మూసుకుని విన్నాడు. చదవడం అయినాక కూడా కళ్లు తెరవలేదు. పోయినారని పుకారు పుడితే ఆయుష్షు పెరుగుతుందంటారు సామీ అని ఒక మాట వదిలినాను.

"పెరిగింది లేప్పా," అన్నాడు. "ఎవరి దాంట్లోంచి తీసి నాకు వేసినారో అది కనుక్కో."