ముందు మోకు సోమ్లాది

కాళేశ్వరం రేవులో గఫార్‌ను ఎరగనివాళ్లు లేరు. గోదావరి మీద ఆవలి సిరొంచకు మోటారు పడవ నడిపేది ఆయనే, ఇంజను కన్నా ఎక్కువ చప్పుడు చేసేదీ ఆయనే. ఇన్నేళ్లూ ఇంజను ఆయన చూసుకుంటే, ఒడ్డుకు దూకి మోకు అందుకునేది సోమ్లా. తెలంగాణ కోసం సకల జనుల సమ్మె రావడంతో, సోమ్లా రేవు గట్టునే టెంటులో రిలే దీక్షకు కూర్చున్నాడు.

"నేనొక్కన్నే నడుపుత. గిదేమన్న ఓడనా?" అన్నాడు గఫార్.

తీరా ఏమైంది? ఎప్పటిలాగే ప్రవాహం వాలుకు వచ్చి, అలవాటుకొద్దీ "పట్టు సోమ్లా" అంటూ ముందు మోకు విసిరాడు. అక్కడ సోమ్లా ఎక్కడున్నాడు, వట్టి బండ తప్ప! తడిసిన మోకును లాక్కుని ఎలాగో గుంజకు వేసేసరికి, పడవ వెనకభాగం నీటివాలుకు గిర్రున తిరిగింది. టెంటులోవాళ్లు కడుపులు పట్టుకుని నవ్వారు. దీక్షలో ఉన్నవాళ్లకు అంత ఓపిక ఎక్కడిదో మరి.

ఆయన భార్య రబియా బీ మాత్రం నవ్వలేదు. కూతురు జువేరియాను తొలి కాన్పుకు సిరొంచ నుంచి తీసుకురావాలి.

"వట్టి మనిషి కాదు నా బిడ్డ. పడవ గిట్ల తిప్పేటట్టయితే దాన్ని ఎక్కియ్యకు. సోమ్లాను జర లేవమను."

"దీక్షల కూసున్నోన్ని ఎట్ల లేపాలె? గా మాట నా నోట రాదు."

అన్నాడే గానీ, పరేషానై పెరట్లో కూలబడ్డాడు. తలకు తాడు కట్టిన బర్రె వెనకభాగం గిర్రున తిప్పి ఆయన్నే ఒక నెట్టు నెట్టింది. తల కట్టేస్తే వెనకభాగం తిప్పక ఏం చేస్తుంది! "నా పడవ గూడ గింతే గద" అంటూ లేచాడు. మర్నాడంతా ఖాళీ పడవతో కుస్తీ పట్టాడు. ముందు మోకు జోలికి పోకుండా, ఇంకో మోకును పడవ నడుముకు కట్టాడు. ప్రవాహానికి ఎదురుగా మెల్లగా వచ్చి, దాని ఉచ్చును ఎగువ గుంజకు తగిలించాడు. నీరు వెనక్కి లాగితే మోకు బిగుసుకుంది. పట్టు నడుము దగ్గర ఉంది గనక పడవ తిరగలేదు. చుక్కాని కాస్త ఒడ్డుకేసి తిప్పితే దానంతటదే వచ్చి ఆనుకుంది. తనను తానే తిట్టుకుంటూ, పడుతూ లేస్తూ నేర్చాడు.

జువేరియా వచ్చేరోజు రబియా బీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని రేవులో నిలబడింది. నోరు మూసుకుని పడవ తెచ్చే గఫార్‌ను జనం అదే మొదలు చూడటం. ఉచ్చు గుంజకు పడింది. పడవ ఒడ్డును ఆనుకుని నిలిచింది. వెనక మోకు కూడా బిగించి ఇంజను ఆపాడు. జువేరియా గడప దాటినంత నిమ్మళంగా దిగింది. రబియా బీ ఆమెను పట్టుకుని ఏడ్చేసింది, సంతోషం పట్టలేక.

టెంటులో సోమ్లా మొహం మాత్రం చిన్నబోయింది. "ఇగ నాతోని ఏం పని గఫారన్నా?"

గఫార్ పడవ ముందువైపు చూపించాడు. అక్కడ ముందు మోకు చుట్ట చుట్టినట్టే ఉంది. "గది నేను కట్టిన్నా? గది నీది. తెలంగాణ తెచ్చినంక నువ్వే వచ్చి కట్టాలె. అప్పటిదాంక ఎవ్వల్ని ముట్టనియ్య."