వేలెడు సందు

మలేషియాలోని బాగన్ దాతుక్ ఎస్టేటు వర్క్‌షాపులో ముప్పై ఏళ్లు ఫిట్టరుగా చేసిన పోలయ్య, పని మానేశాక ఇంటి పక్కనే రేకుల షెడ్డు వేసుకుని ట్రాక్టర్లు బాగుచేసేవాడు. కార్లు మాత్రం ముట్టుకునేవాడు కాదు. ఎవరైనా తెస్తే, "నాకు సూపు ఆనదు లా" అని అక్కడి యాసలో తప్పించుకునేవాడు.

ఒకనాడు తమ్ముడి కూతురు సుగంధి ఒక పాత కారును లారీ మీద వేసుకుని వచ్చింది. క్లాంగ్‌లో ఫ్యాక్టరీ మిషన్లు చూసే పిల్ల. కువాలా సెలంగోర్‌లో డెర్బీ పెడుతున్నారట. కార్లు ఒకదాన్నొకటి గుద్దుకుంటాయి, చివరిదాకా కదిలే కారుదే గెలుపు. ఆమె చిన్న ఇంజిన్ తీసేసి పెద్దది పెట్టింది. చిక్కు అక్కడే వచ్చింది. స్టీరింగ్ రాడ్డు పొగగొట్టాన్ని దాదాపు ఒరుసుకుంటోంది. ఇంజిన్ కింది ఆయిల్ పాన్ చక్రాలను తిప్పే లింకుకు తగులుతోంది.

"గొట్టాన్ని సుత్తితో కొంచెం నొక్కేస్తే సాలదా, పెదనానా?"

పోలయ్య ఒంగి చూశాడు. రాడ్డుకీ గొట్టానికీ మధ్య వేలు పట్టేంత సందు. చటుక్కున వెనక్కి జరిగాడు.

"తీసుకుపో. నేను సెయ్యను."

సుగంధి వెళ్లలేదు. షెడ్డులోనే రెండు రోజులు ఒక్కతే దానితో కుస్తీ పట్టింది. మూడోనాడు పొద్దున్నే పోలయ్య స్టూలు లాక్కుని ఆమె ఎదుట కూర్చున్నాడు.

"మీ నాన పోటీకి తోలిన కారు కట్టింది నేనే. ఇలాగే వేలెడు సందు ఉండేది. పెంచమన్నాడు వాడు. సాల్లేరా అన్నాను నేను. గుద్దు తగిలేసరికి ఇంజిన్ ఒరిగి రాడ్డుని పట్టేసినాది. తిప్పలేకపోయినాడు. ఎదురుగా కొబ్బరి సెట్టు..." తల వంచుకున్నాడు. "దూకుడుగా తోలి సచ్చినాడని అందరూ అన్నారు. నేను నోరు మూసుకున్నాను. పదకొండేళ్లు."

సుగంధి తన చేతిలోని స్పానర్‌ను గుడ్డతో తుడుస్తూనే ఉంది.

"అమ్మకి తెల్దా?"

"తెల్దు."

"నువ్వే సెప్పాల. నేను సెప్పను." కళ్లు ఒత్తుకుంది. "ముందు ఇది సెయ్యి."

ఇద్దరూ కలిసి ఇంజిన్ దించారు. ఇంజిన్‌ను మోసే మౌంటింగుల కింద ఇనప దిమ్మలు పెట్టి ఎత్తు పెంచారు. ఆయిల్ పాన్ లింకును వదిలింది. స్టీరింగ్ రాడ్డును కోసి, రాడ్డు వంగిన చోటా తిరిగేలా మూడు క్రాస్ జాయింట్లు వేసి, గొట్టానికి ఎడంగా మళ్లించారు. మధ్యలో ఊగకుండా ఛాసిస్‌కు బేరింగ్ బిగించారు. గుద్దుకు ఇంజిన్ లేవకుండా గొలుసు కట్టారు.

అప్పటికీ పోలయ్యకు నమ్మకం కుదరలేదు. సందుల్లో మట్టిముద్దలు అతికించి, జాకీతో ఇంజిన్‌ను ఒరిగిస్తూ, స్టీరింగ్‌ను ఈ కొస నుంచి ఆ కొసకు తిప్పించాడు. చూస్తే ఒక ముద్ద కాగితమంత పలచగా అణిగిపోయింది; అక్కడ సందు చాలడం లేదు.

"మళ్లీ," అన్నాడు.

గొలుసు ఒక లంకె తగ్గించారు. బేరింగ్‌ను పక్కకు జరిపారు. నాలుగోసారికి గానీ అన్ని ముద్దలూ బొటనవేలి మందాన నిలవలేదు.

పోటీనాడు పోలయ్య కంచె పట్టుకుని నిలబడ్డాడు. రెండు కార్లు రెండు పక్కల నుంచి సుగంధి కారును గుద్దాయి. బానెట్ మడతపడింది. కారు నేరుగా కాంక్రీటు దిమ్మ మీదికి దూసుకుపోయింది. అతను కళ్లు మూసుకోలేదు. చక్రాలు తిరిగాయి. దిమ్మకు మూరెడు దూరంలో కారు పక్కకు తప్పుకుంది. మరి కాసేపటికి రేడియేటర్ పగిలి ఆగిపోయింది. అయిదో స్థానం.

సుగంధి హెల్మెట్ తీసి అతని దగ్గరికొచ్చింది. "పోదాం రా, అమ్మ దగ్గరికి."

తమ్ముడి భార్య పుష్పవల్లి ఇల్లు ఆ ఊళ్లోనే. గుమ్మంలో నిలబడే పోలయ్య అంతా చెప్పాడు. ఆమె విని, తలుపు పట్టుకుని నిలబడిపోయింది.

"దూకుడువల్లే పోయినాడని పిల్ల ముందు నేనే తిట్టినాను, బావా. సచ్చిపోయినోణ్ని ఇన్నేళ్లు నా సేత తిట్టించినావు."

పోలయ్య గుమ్మం నుంచి ఒక మెట్టు కిందికి దిగాడు.

"వచ్చే నెల తద్దినం. అందరూ వస్తారు. వాళ్ల ముందు సెప్పు," అని తలుపు వేసుకుంది.

తద్దినం నాడు ఇరవైమంది చుట్టాల ముందు పోలయ్య లేచి నిలబడి చెప్పాడు. కొందరు తల తిప్పుకున్నారు. ఒక ముసలాయన లేచి వెళ్లిపోయాడు. పుష్పవల్లి అతనితో ఒక్క మాట కూడా మాట్లాడలేదు. భోజనాల వేళ వరసలో అతనికీ ఆకు వేసి, అన్నం వడ్డించింది.