పదకొండు కుక్కలు, ఒక బట్ట చెయ్యి

ఆ రోజుల్లో డిగ్రీ కాగితం చేతికి రాగానే మనిషికి రెండు భ్రమలు పట్టుకునేవి. ఉద్యోగం ఎక్కడో కుర్చీ తుడిచి పెట్టుకుని మన కోసం ఎదురుచూస్తోందనేది ఒకటి. ఎవరి గుణం ఎలాంటిదో మొహం చూడగానే చెప్పేయగలమనేది రెండోది. మొదటి భ్రమ ఏన్కూరు నుంచి ఖమ్మానికి ఆరు నెలలు బస్సుల్లో వేలాడితే దానంతటదే వదిలింది. రెండోది వదలడానికి మాత్రం పదకొండు కుక్కలు, ఒక వంటక్క, అడవి దిక్కు నుంచి వచ్చిన ఒక అవ్వ కలిసి కష్టపడాల్సి వచ్చింది. వాళ్లందరికీ నేను ఇప్పటికీ రుణపడి ఉన్నాను, ఒక్క తెల్ల కుక్కకు తప్ప.

జంతుశాస్త్రం చదివినవాడు కావాలని ఎవరో చెబితే సారపాక వెళ్లాను. ఊరి చివర, గోదావరి వైపు, రేకుల షెడ్డు, చుట్టూ వెదురు దడి. పశువుల దవాఖానాలో రిటైరైన ఒక డాక్టరమ్మ వీధుల్లో దెబ్బలు తగిలి పడి ఉన్న కుక్కలను తెచ్చి అక్కడ సాకుతోంది. సత్తుపల్లి దిక్కు మనిషి. మాట మెత్తన, చూపు గట్టి. "కుక్కలంటే భయమేమీ లేదు కదయ్యా?" అని అడిగింది. "అబ్బే, లేదు మేడం" అన్నాను. సరిగ్గా అప్పుడే ఒక కుక్కపిల్ల వచ్చి నా చెప్పు వాసన చూసింది. నా రెండు కాళ్లూ నాకు చెప్పకుండానే కుర్చీ మీదికి వచ్చేశాయి. "నాకిలా బాసింపట్టు వేసుకుని కూర్చోవడం అలవాటు మేడం" అన్నాను. (నిజానికి మా ఊళ్లో ఒక్క కుక్కకు భయపడి నేను ఐదేళ్లపాటు చేలగట్ల మీదుగా చుట్టు తిరిగి బడికి పోయినవాణ్ణి.) ఆమె ఒక క్షణం నా కాళ్ల వైపు చూసి, "సరే, రేపట్నుంచి రా" అంది. ఆ చూపుకు అర్థం నాకు చాలా రోజుల తర్వాత గానీ తెలియలేదు.

నా పని కుక్కల స్వభావం పరీక్షించడం. పట్నంలో షెడ్డుకు సాయం చేసేవాళ్లెవరో ఒక ఫారం పంపారు. గొడుగు హఠాత్తుగా తెరిస్తే కుక్క ఏం చేస్తుంది, చంటిపిల్ల సైజు బొమ్మను చూపిస్తే ఏం చేస్తుంది, తింటున్నప్పుడు గిన్నెలో చెయ్యి పెడితే ఏం చేస్తుంది అని అందులో గళ్లు ఉన్నాయి. పదికి మార్కులు. నాలుగు లోపు వస్తే పేరు పక్కన ఎర్ర గీత. ఆ గీత వట్టి గీత కాదు. వానలు మొదలైతే గోదావరి నీళ్లు షెడ్డు దాకా వస్తాయి కాబట్టి మే నెలాఖరు ఆదివారం నాటికి కుక్కలన్నిటినీ పంపేయాలి. గీత లేనివాటిని అడిగిన ఇళ్లకు ఇస్తారు. గీత ఉన్నవాటిని అదే సాయంత్రం వ్యానెక్కించి ఖమ్మంలోని పెద్ద బోన్ల షెడ్డుకు పంపుతారు. "అక్కడికి పోయిన కుక్క మళ్లీ మట్టి మీద కాలు పెట్టదయ్యా. చూసి గీత గియ్యి" అంది డాక్టరమ్మ. కుక్కలను తీసుకోమని ఊరూరా చెప్పడానికి ఆమె తిరుగుతోంది, పరీక్ష మొత్తం నా చేతుల్లో పెట్టింది. చెప్పొద్దూ, ఎర్ర పెన్ను జేబులో పెట్టుకుని నడుస్తుంటే నాకు నేనే జడ్జిలా కనిపించేవాణ్ణి.

గొడుగు పరీక్ష తేలిగ్గానే అయింది. ఫారంలో బెదిరిందా, మొరిగిందా అని రెండే గళ్లు. మా కుక్కలు ఆ రెండూ చేయలేదు, గొడుగు తెరవగానే వచ్చి దాని కింద కూర్చున్నాయి. భద్రాచలం పక్కన మే నెల ఎండలో నీడ ఎవరికి చేదు? బొమ్మ పరీక్షలో మాత్రం కర్రోడనే నల్ల కుక్క నన్ను ఆలోచనలో పడేసింది. వాడు బొమ్మను గౌను పట్టుకుని మెల్లగా ఎత్తుకుపోయి, వేపచెట్టు మొదట్లో పడుకోబెట్టి, పక్కన తాను పడుకున్నాడు. నేను బాగా ఆలోచించి "పిల్లలను ఎత్తుకుపోయే అవకాశం ఉంది" అని రాశాను.

ఇక మూడోది, చెయ్యి పరీక్ష. కుక్క తింటున్న గిన్నెలో సొంత చెయ్యి పెట్టాలని ఫారంలో లేదు, అంతవరకు దేవుడున్నాడు. బట్టతో చెయ్యి కుట్టించి, కర్రకు కట్టి, దూరం నుంచి పెట్టమన్నారు. సారపాకలో టైలర్ ఖాకీ గుడ్డతో ఐదు వేళ్లూ తీర్చి, బూరుగు దూది కూరి, "ఎవలికి సార్, చెయ్యి లేనోళ్లకా?" అని జాలిగా అడిగి మరీ ఇచ్చాడు. వెదురు కర్ర ఎంత పొడవుందని అడగకండి. నేను దడి అవతల నిలబడితే చెయ్యి దడి ఇవతల గిన్నెలోకి వెళ్లేది. మొదటి రోజు బంగారం అనే బొచ్చు తెల్ల కుక్కకు, ఇంకో గోధుమ రంగు కుక్కకు పరీక్ష పెట్టాను. రెండూ చెయ్యిని పట్టించుకోకుండా తిన్నాయి. బంగారానికి పదికి పది వేశాను. అంత మర్యాద గల కుక్కను నేను జన్మలో చూడలేదని డాక్టరమ్మకు చెప్పాను.

ఆ రాత్రి ఎలుకలు చెయ్యి బొటనవేలు కొరికేశాయి. కుక్కలకు అన్నం వండే వంటక్క దాన్ని చూసి నా మీద జాలిపడింది. "సర్కారీ సామాను లెక్క జాగర్తగ చూస్కోవద్దా సారూ? ఇటియ్యి, నేను కుట్టి నా కాడ పెడ్త. ఏ ఎలుకకూ అందకుంట పెడ్త" అంది. రోజూ పొద్దున వంటగదిలోంచి తెచ్చి నా చేతికి ఇచ్చేది, సాయంత్రం తీసుకుపోయేది. ఎక్కడ పెడుతోందో నేను అడగలేదు. పెద్ద ఆఫీసర్లు అలాంటివి అడగరు కదా.

కుట్టు పనికి ఒక రోజు పోయింది. మూడో రోజు నుంచి షెడ్డు స్వభావమే మారిపోయింది. చెయ్యి గిన్నె దగ్గరికి వెళ్లడం ఆలస్యం, కుక్క అన్నం వదిలేసి చెయ్యి మీద పడేది. ఒకటి మణికట్టు పట్టేది, ఒకటి వేళ్లు నమిలేది. మూడు రోజుల్లో తొమ్మిది కుక్కలకు తొమ్మిది ఎర్ర గీతలు గీశాను. కర్రోడైతే చెయ్యిని కర్రతో సహా లాక్కుపోయాడు. "నేను అనుకుంటూనే ఉన్నాను" అని పక్కన రాసుకున్నాను. డాక్టరమ్మ ఊళ్ల నుంచి వచ్చి ఫారాలు తిరగేసింది. ఆమె మొహం చిన్నబోయింది.

"ముసలయ్యకు కూడా గీతేనా? దానికి పళ్లే లేవు కదయ్యా!"

"పళ్లు లేవు గానీ ఉద్దేశం ఉంది మేడం" అన్నాను.

ఆమె ఫారాలు పక్కన పెట్టేసింది. బయటికి పోయి ముసలయ్య వీపు నిమురుతూ చాలాసేపు నిలబడింది. నాకు కొంచెం గుచ్చుకుంది. అయినా న్యాయం న్యాయమే అనుకున్నాను (ఇరవై రెండేళ్ల వయసులో న్యాయం చాలా చౌక).

ఆదివారం వచ్చింది. జనానికి చూపించడానికి కుక్కలన్నిటినీ దడిలోపల వదిలేశారు. గేటు బయట ఖమ్మం పోవాల్సిన వ్యాన్ నిలబడి ఉంది. వచ్చిన నలుగురూ గీత లేని రెండింటి చుట్టే మూగారు. అప్పుడు అడవి దిక్కు గూడెం నుంచి ఒక అవ్వ వచ్చింది. భుజాన సద్దిమూట, చేతిలో కర్ర. బీడీలకు వాడే తునికాకు కోతకు ఒంటరిగా అడవిలోకి పోతుందట. పాత కుక్క చచ్చిపోయింది, ఆ ఏడు ఎలుగుబంట్లు బాగా తిరుగుతున్నాయి. తోడుగా ఒక కుక్క లేకపోతే ఈ కోతకు పోయేది లేదని కొడుకు గట్టిగా చెప్పాడట. ఆమె కుక్కలన్నిటినీ ఒకసారి చూసి కర్రోడి ముందు ఆగింది.

"గీ నల్లోణ్ణి ఇయ్యి బిడ్డా."

"వీడు కుదరదు అవ్వా. కరుస్తాడు."

"నిన్ను కరిసిండా?"

"నన్ను కాదు, చేతిని."

"ఎవల చేతిని?"

"బట్ట చేతిని."

అవ్వ నా మొహంలోకి ఎంతో ఓపిగ్గా చూసింది. ఎండదెబ్బ తగిలినవాళ్లను అలా చూస్తారు. "ఏంది, బట్ట చెయ్యా? ఏదీ, సూపియ్యి" అంది. జనం కూడా ఇటు తిరిగారు. నాకు ఉత్సాహం పుట్టింది. "అక్కా, చెయ్యి తీసుకురా!" అని కేకేశాను. వంటక్క తెచ్చి ఇచ్చింది. ఆ ఊపులో నేను రెండు సంగతులు మరిచిపోయాను. కుక్కలు కట్టేసి లేవు. నేను దడి లోపల ఉన్నాను.

కర్రోడు ముక్కు ఎత్తాడు. ముసలయ్య లేచాడు. ఆ తర్వాత తొమ్మిదీ నా వైపే. నేను పరిగెత్తాను. వేపచెట్టు చుట్టూ రెండు చుట్లు, వంటగది వెనక ఒక చుట్టు. "చెయ్యి ఇడ్సిపెట్టు సారూ, ఇడ్సిపెట్టు!" అని వంటక్క అరుస్తోంది. వదిలేయొచ్చని నాకూ తెలుసు. కానీ సామాను రిజిస్టర్లో ఆ చెయ్యికి సంతకం పెట్టింది నేను. చివరికి నీళ్ల డ్రమ్ము ఎక్కాను. దాని మూత నా ఉద్యోగం కంటే కొంచెం గట్టిదంతే. పుటుక్కున విరిగింది, నేను నడుము దాకా నీళ్లలో దిగిపోయాను. చుట్టూ తొమ్మిది కుక్కలు, లోపల నేను, ఆకాశంలోకి ఎత్తిపట్టిన ఖాకీ చెయ్యి. ఆ నలుగురూ కుక్కలను చూడడం మానేసి నన్నే చూస్తున్నారు.

ఇక చెయ్యి విసిరేశాను. కుక్కలు దాన్ని చీల్చి దూదంతా ఎగరేశాయి. నన్ను ఒక్కటీ చూడలేదు. అవ్వ వంగి ఒక వేలు ముక్క ఏరుకుని, వాసన చూసి, కొంగు అడ్డం పెట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది. "ఇది చెయ్యి గాదు బిడ్డా, ఎండు చేప!"

అందరం వంటక్క వైపు తిరిగాం. ఆమె నోటి మీద చెయ్యి వేసుకుంది. "అయ్యో, ఎలుకలు కొరుకుతున్నయని ఉట్టిల పెట్టిన సారూ. నా ఎండు చాపల బుట్ట ఉండేదీ ఆ ఉట్టిలనే. అది దప్ప ఎలుకకు అందని జాగ యాడుంది?"

గోదావరి చేపల్లో నాలుగు రాత్రులు ఊరిన చెయ్యి పట్టుకుని, నేను కుక్కల గుణం తేల్చాను. పళ్లు లేని ముసలయ్య ఉద్దేశం ఏమిటో అప్పుడు అర్థమైంది. పాపం, ఆకలి. నవ్వులన్నీ ఆగాక గేటు బయట వ్యాన్ హారన్ కొట్టింది. నా జేబులో తడిసిన ఎర్ర పెన్ను కారుతోంది. తొమ్మిది ప్రాణాలను బోన్లోకి తోయబోయానన్న సంగతి అప్పుడు తెలిసొచ్చింది. సిగ్గేసింది. డ్రమ్ము నీళ్లు మొహం మీదికి కూడా చిందబట్టి కళ్లు తడిగా ఉన్నాయని ఎవరూ గుర్తుపట్టలేదు.

నేను డ్రమ్ములోంచి బయటపడేలోపు అవ్వ తన పరీక్ష తాను మొదలుపెట్టింది. వేపచెట్టు కింద కుక్కలకు వీపు తిప్పి కూర్చుని, మూట విప్పి, ఎవరూ లేనట్టు తినసాగింది. కొన్ని కుక్కలు వచ్చి అన్నం వైపు చూస్తూ తోకలాడించాయి. కర్రోడు కూడా వచ్చాడు. బెత్తెడు దూరంలో కూర్చుని, మొహం అటు తిప్పి, గేటు వైపు చూస్తూ ఉండిపోయాడు. "సూసినవా? ఈడు నా బువ్వ దిక్కు సూస్తలేడు. మనుషులొచ్చే తొవ్వ దిక్కు సూస్తుండు. నాకు గీడే గావాలె" అని ఆఖరి ముద్ద వాడికి పెట్టింది. ఆ ముద్ద పెట్టింది ఉత్త చేతితోనే.

"మిగతావాటి సంగతేంటయ్యా? వ్యాన్ ఆగదు" అంది డాక్టరమ్మ.

"కొత్త చెయ్యి కుట్టించాలి మేడం. రేపు..."

"రేపు లేదు. నీకు చెయ్యి ఉందిగా."

నేను నా చెయ్యి వెనక్కి దాచుకున్నాను. "మేడం, నాకు కుక్కలంటే భయం" అనేశాను, ఇన్నాళ్లకు.

"తెలుసు. ఇంటర్వ్యూ రోజు కుర్చీ మీద చూశాగా."

"మరి ఎందుకు తీసుకున్నారు?"

"భయమున్నవాడు దగ్గరగా, జాగ్రత్తగా చూస్తాడనుకున్నా. నువ్వు దూరంగా నిలబడి కర్ర పెట్టావు."

అంతకంటే గట్టిగా తిట్టినా బాగుండేది. వంటక్క తొమ్మిదో గిన్నె కర్రోడి కోసమని పక్కన పెట్టి ఎనిమిది గిన్నెల్లో అన్నం వడ్డించింది. సబ్బుతో మూడుసార్లు చెయ్యి కడుక్కుని, ముందు ముసలయ్య దగ్గర కూర్చున్నాను (పళ్లు లేవు కాబట్టి). కళ్లు మూసుకుని గిన్నెలో చెయ్యి పెట్టాను. వెచ్చగా ఏదో తగిలింది. కళ్లు తెరిస్తే ముసలయ్య నా వేళ్లకంటిన మెతుకులు నాకుతున్నాడు. తర్వాతిది కొంచెం జరిగి నాకు చోటిచ్చింది. ఎనిమిదో గిన్నె దగ్గరికి వచ్చేసరికి నేను కళ్లు మూసుకోవడం మానేశాను. ఒక్కొక్క గీతనూ కొట్టేస్తుంటే డాక్టరమ్మ పక్కన సంతకం పెట్టింది. వ్యాన్ ఖాళీగా వెళ్లిపోయింది. ఆ పూట మూడు ఇళ్లకు వెళ్లాయి, మిగతావాటిని ఆ వారంలో గూడేలవాళ్లు తీసుకుపోయారు, ముసలయ్యను వంటక్క తన ఇంటికే తోలుకుపోయింది. ఆ ఆదివారమే, గీతలన్నీ కొట్టేశాక, వచ్చిన ధైర్యాన్ని ఆపుకోలేక బంగారం గిన్నెలో కూడా చెయ్యి పెట్టాను. పదికి పది తెచ్చుకున్న ఆ మర్యాదస్తుడు కచక్కున పట్టుకున్నాడు. భద్రాచలం దవాఖానాలో సూదులు వేయించుకున్నాను. చూపుడు వేలు మీద ఆ గుర్తు ఇంకా ఉంది.

మరుసటి ఏడు సారపాక బస్సు స్టాండులో అవ్వ కనిపించింది, పక్కన కర్రోడు. నిండుగా ఉన్నాడు. నేను చెయ్యి చాపితే వేళ్లు శ్రద్ధగా వాసన చూసి, ఆ తర్వాత నా కాలు పక్కనే కూర్చుని రోడ్డు వైపు మొహం తిప్పుకున్నాడు. "పాసైనవ్ పో బిడ్డా" అంది అవ్వ.

ఇప్పుడు వేంసూరు దగ్గర ఒక బడిలో పంతులుగా ఉన్నాను. పరీక్షలప్పుడు ముందు పేపర్ల కట్ట, చేతిలో మళ్లీ అదే ఎర్ర పెన్ను. ఎవడి పేపరు మీదైనా గీత గీయబోతూ ఆగి, ఒకసారి నా చెయ్యి వాసన చూసుకుంటాను. సారు మధ్యాహ్నం చేపల కూర తిని వచ్చాడని పిల్లలు గుసగుసలాడుకుంటారు. నేను నవ్వుకుని, పేపరు మళ్లీ మొదటి నుంచి చదువుతాను.